అంజన్న మంచు గచ్చు

కోరుట్ల పక్కన పల్లెలో పుట్టినవాడు సౌదీలో మంచు పరుస్తున్నాడంటే ఇంటి దగ్గర మొదట్లో ఎవరూ నమ్మలేదు. భార్య ముత్యవ్వ వీడియో కాల్‌లో కళ్లారా చూసి కూడా నమ్మలేదు.

"అది పాలరాయి గావచ్చు. మీద నీళ్లు గుమ్మరిచ్చి నన్ను ఆగం జేస్తున్నవు," అంది.

అంజన్న వంగి, ఆ నేలకు అరచెయ్యి ఆనించి, ఇరవై దాకా లెక్కపెట్టి, ఎర్రబడిన చేతిని ఫోనుకు దగ్గరగా చూపించాడు.

"నీ చెయ్యి ఎప్పుడు ఎర్రగ లేదు? పెండ్లినాడు గూడ గట్లనే ఉండె," అని ఆవిడ మాట తప్పించింది. కానీ ఆ మర్నాడు వాడకట్టంతా తిరిగి చెప్పుకున్నది ఆవిడే, మా ఆయన ఆడ మంచుతోని గచ్చు పోస్తున్నడు అని. ఆ మాట అంజన్నకు నచ్చింది. అప్పటినుంచి అతనికీ, అతనితో చెయ్యి కలిపినవాళ్లకూ అది మంచు గచ్చే అయింది.

హుఫూఫ్ పట్నం నుంచి అరగంట ప్రయాణం. రెండు వైపులా ఖర్జూర తోటలు, నడుమ ఒక చిన్న ఊరు. ఒక మసీదు, ఒక బడి, ఒక కిరాణా కొట్టు, రొట్టెలు కాల్చే అఫ్ఘానీ పొయ్యి. ఊరి చివర అబూ నాసర్ అనే పెద్ద రైతుకు ఖర్జూరాలు దాచే కోల్డ్ స్టోరేజీ ఉంది. ఇరవై రెండేళ్లుగా దాని మిషన్లు చూసుకునేది అంజన్నే. మిషన్ గదికి ఆనుకుని అతని మంచం, గ్యాస్ స్టవ్వు, ఒక రేకు పెట్టె. పెట్టె మూత లోపలివైపు అతికించిన హనుమంతుడి పటం. పొద్దున పెట్టె తెరిచి దండం పెట్టుకుని, మూసి, పనిలోకి వెళ్తాడు.

ఏడేళ్ల కిందట అబూ నాసర్ మనవరాలు రీమ్ ఖోబర్‌లో ఏదో మాల్‌కు వెళ్లి, పిల్లలు బూట్ల కింద కత్తులు కట్టుకుని ఐసు మీద జారుతుంటే చూసి వచ్చింది. వచ్చి మూడు పూటలు అన్నం ముట్టలేదు. ముసలాయన కర్ర పొడుచుకుంటూ మిషన్ గదికి వచ్చాడు.

"అంజన్, నీ మిషన్ ఖర్జూరాన్ని చల్లగా ఉంచుతుంది సరే. నీళ్లను గడ్డ కట్టిస్తుందా?"

"కట్టిస్తది బాబా," అన్నాడు అంజన్న తనకొచ్చిన అరబ్బీలో.

అంత ధీమా ఊరికే రాలేదు. పదమూడో ఏట జగిత్యాలలో ఐస్ ఫ్యాక్టరీలో పనికి కుదిరినవాడు. ఊక చల్లిన నేల మీద గడ్డలు ఈడ్చాడు. ఉప్పునీళ్ల తొట్టిలోకి డబ్బాలు దించాడు, ఎత్తాడు. అమ్మోనియా ఘాటుకు కళ్లు మండించుకున్నాడు. చప్పుడు విని మిషన్ జబ్బు చెప్పడం అక్కడే పట్టుబడింది. చదివింది ఐదో తరగతి. గల్ఫ్ ఏజెంటు అతన్ని లేబర్ వీసా మీద పంపాడు. వచ్చిన మొదటి నెలలోనే అబూ నాసర్ పాత కంప్రెసర్ ఆగిపోయింది. మెకానిక్ రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. బయట మట్టలు పోగుచేస్తున్న అంజన్న చేతిలోని పార గోడకు ఆనించి లోపలికి వెళ్లాడు, సాయంత్రానికి దాన్ని నడిపించాడు. ఆ తర్వాత ఎవరూ అతని చేతికి పార ఇవ్వలేదు.

కోల్డ్ స్టోరేజీలో ఒక గది అప్పటికి ఖాళీగా ఉండేది. గోడలకు చలి పోకుండా థర్మకోల్ మందం ముందే ఉంది. కింద ఇసుక పరిచి, ఇసుకలో ప్లాస్టిక్ పైపులు మెలికలుగా తిప్పి, వాటిలో గడ్డకట్టని మందునీళ్లు పారించాడు. ఖర్జూరాల గదిని చల్లబరిచే మిషనే దీన్నీ చల్లబరుస్తుంది. ఇక పైన నీళ్లు చల్లాలి. బకెట్లతో గుమ్మరిస్తే పగుళ్లు వస్తాయి. సన్నగా పొగలా చల్లి, అది బిగిశాక మళ్లీ చల్లాలి. అలా నలభై పొరలు. వాకిట్లో ఆడవాళ్లు కల్లాపి చల్లినట్టు అంజన్న పైపు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ చల్లుతాడు. ఎండలు ముదిరాక మూడు నెలలు మూసేస్తారు. సెప్టెంబరులో మళ్లీ మొదటి పొర నుంచి మొదలు.

పెద్దదేమీ కాదు, రెండు వాలీబాల్ కోర్టులంత. దాన్ని నడపడానికి జీతగాళ్లెవరూ లేరు. ఎవరి పని వాళ్లు ముగించుకుని గురువారం సాయంత్రం, శుక్రవారం వచ్చి ఊరికే చేస్తారు. ఇష్తియాక్ ముల్తాన్ వాడు, తోటలో చెట్లెక్కుతాడు. మట్టలు కోసే కొడవళ్లకు సాన పట్టే రాయి మీదే స్కేటింగ్ బూట్ల కత్తులకూ పదును పెడతాడు. రాయచోటి ఖాజావలి డ్రైవరు. దూరపు తోటల ఇళ్లకు పోయి పిల్లలను పికప్‌లో ఎక్కించుకుని వస్తాడు, మళ్లీ దింపుతాడు. పొద్దున బయట ఇసుకలో పనివాళ్లకు వాలీబాల్. మధ్యాహ్నం తిన్నాక క్యారమ్స్. నాలుగింటి నుంచి ఆరింటి దాకా ఊరి పిల్లలకు మంచు. ఊళ్లో పిల్లలకు ఇంకో ఆట చోటు లేదు. బడిలో ఒక ఉయ్యాల ఉంది గాని దాని పలక ఎండకు కాలి కూర్చోనివ్వదు.

పిల్లలు అంజన్నను అమ్మూ తల్జ్ అంటారు. తల్జ్ అంటే మంచు. మంచు బాబాయి.

"మా రాయచోట్లో ఈ బిరుదు ఎవురికన్నా ఇచ్చింటే ఐస్‌ఫ్రూట్ అమ్ముకునేటోడు అనుకుంటారన్నా," అనేవాడు ఖాజావలి.

"అమ్ముకున్నగద, నాలుగేండ్లు. నీకేం ఎరుక," అనేవాడు అంజన్న. అదీ నిజమే.

ఇంకొకరున్నారు. ప్రేమలతది రాజోలు దగ్గరి ఊరు. అబూ నాసర్ కూతురింట్లో, అంటే రీమ్ వాళ్లింట్లో పనిచేస్తుంది. శుక్రవారం పిల్లలను తీసుకుని వచ్చే ఆ రెండు గంటలే ఆమె వారం మొత్తంలో గడప దాటేది. ముప్పై మంది పిల్లలకు బూట్ల తాళ్లు కట్టేది ఆమె. కట్టడం అయ్యాక మిషన్ గది కిటికీ దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

"ఆరు రోజులు మాట నోట్లోనే నానిపోద్దండి బాబాయ్ గారూ. ఇక్కడికొచ్చి ఉమ్మేసి పోతాను," అంటుంది. ఆ కిటికీ దగ్గర కొబ్బరి ధరలూ, గోదావరి వరదా, తన చెల్లెలి కాన్పూ అన్నీ అంజన్నకు తెలిసిపోయాయి.

రెండేళ్ల కిందట ఆమె చేతిలోంచి జారి ఆ ఇంట్లో పింగాణీ కాఫీ కెటిల్ ఒకటి పగిలింది. అది రీమ్ తల్లి అయిన మేడం అత్తగారి నాటిది. ప్రేమలత ఫోను మేడం బీరువాలోకి పోయింది. ఆరు శుక్రవారాలు ఆమె గడప దాటలేదు. ఏడో శుక్రవారం కిటికీ దగ్గరికి వచ్చి మాట్లాడబోతే తెలుగు మాట బదులు అరబ్బీ మాట వచ్చింది. అంజన్నకు అది మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో అబూ నాసర్ పోయాడు. తోటలూ, కోల్డ్ స్టోరేజీ కొడుకు నాసర్ చేతికి వచ్చాయి. నాసర్ చెడ్డవాడు కాదు. పనివాళ్లను కూర్చోమన్నాకే మాట్లాడతాడు. కానీ ఈసారి కాపు విరగకాసింది. ఉన్న గది నిండిపోయి, ఖర్జూరం పెట్టెలు బయట టార్పాలిన్ కింద చెమటలు పడుతున్నాయి. సెప్టెంబరు మొదట్లో నాసర్ మిషన్ గదికి వచ్చాడు.

"అంజన్, ఆ మంచు మా నాన్న ముచ్చట. ఇరవై మూడున నేషనల్ డే. ఊరి పెద్దలను ఇక్కడికి పిలుస్తున్నాను. ఆ రోజు మంచు గట్టిగా నిలబడి పిల్లలు ఆడితే ఇంకో ఏడాది ఉంచుదాం. లేకపోతే ఆ గదిలో పెట్టెలు పెట్టుకుంటాను. నన్ను తప్పు పట్టొద్దు."

తప్పు పట్టడానికేమీ లేదు. మాట సూటిగా ఉంది. ఇరవై మూడో తారీఖు నాటికి మంచు నిలవాలి.

ముత్యవ్వ ఫోనులో విని, "పోతె పోనియ్యి. నీకేమన్న జీతమిస్తున్నరా, జెండ గడుతున్నరా?" అంది.

"నీకు చెప్తె సమజ్ గాదు."

"సమజైతది. ఈడ మనుమరాలి పుట్టువెంట్రుకలకు రాలేదు గని ఆడ ఎవ్వల పిల్లలకో నీళ్లు చల్లుతున్నవు. నాకంత సమజైతది."

ఖర్జూరాలు చల్లగా ఉంటే ఎవరూ వచ్చి చూడరు. చెడిపోతేనే వచ్చి చూస్తారు. ఇరవై రెండేళ్లలో మనుషులు నవ్వుతూ వచ్చి చూసే పని అంజన్న చేసింది ఇదొక్కటే. ఆ మాట ఎలా చెప్పాలో అతనికి తెలియదు.

పద్నాలుగున పైపుల్లోకి చలి వదిలాడు. బుధవారానికి పదిహేను పొరలు పడ్డాయి. గాజులా బిగిశాయి. వాటి మీద తెల్ల సున్నపు పొడి నీళ్లలో కలిపి పలుచగా పూశాడు. తెలుపు లేకపోతే మంచు కింద ఇసుక కనిపించి మురికిగా ఉంటుంది. గురువారం సాయంత్రం అందరూ వచ్చి గడప దగ్గర నిలబడి చూస్తున్నారు. ఆ రోజు మేడం పెళ్లి విందుకు పోతూ పిల్లలనూ ప్రేమలతనూ అక్కడ దింపి వెళ్లింది.

"బాగుండాది గానీ అన్నా, బోసిగా ఉండాది," అన్నాడు ఖాజావలి. "ఇంత బాగా కళ్లాపి చల్లితివి. ముగ్గెయ్యకుంటే ఎట్ల?"

నవ్వులాటకు అన్నదే. కానీ ప్రేమలత కళ్లు ఆ తెలుపు మీద నిలిచిపోయాయి.

"నేనేస్తానండి," అంది. "చుక్కల ముగ్గు కాదండి, ఖర్జూరం చెట్టు. పచ్చగా, నడిమధ్యన. పైనుంచి బాబాయ్ గారు నీళ్లు చల్లేశారంటే అద్దంలో పెట్టినట్టు లోపలుండిపోద్ది. పండగ రోజుకు బాగుంటది కదండి."

రీమ్‌కు అరబ్బీలో చెప్పారు. ఆ పిల్ల అప్పటికే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

అంజన్న ఆలోచించాడు. నాసర్ పిలిచే పెద్దల ముందు మంచు కింద పచ్చటి చెట్టు. ముసలాయన ఉంటే కర్ర పక్కన పడేసి నిలబడేవాడు.

"రంగు ఏడికెల్లి తెస్తవు బిడ్డా?"

"నేనే చేసి తెస్తానండి, రేపు పొద్దున్నే పంపిస్తాను. వంటింట్లో రంగుంది."

"నీళ్లు తాకితె పారుతదా? పారితె అంత ఖరాబైతది."

"పారదండి. నీడన ఆరబెడితే పట్టేస్తది. మా ఊళ్లో సంవత్సరానికి పది సార్లు చేస్తాను, నాకు తెలీదా ఏంటండి."

కోరుట్ల దిక్కు ముగ్గంటే రాతిపిండి. సంచుల్లో సైకిల్ మీద తెచ్చి అమ్ముతారు. రంగులంటే ఆ పిండికే కలిపిన రంగులు. అంజన్న పుట్టి బుద్ధెరిగాక చూసింది అదే. అందుకని రంగు పారుతుందా అని అడిగాడు గాని, ఆ రంగును దేనికి పట్టిస్తావని అడగలేదు.

శుక్రవారం పొద్దున ఖాజావలి పికప్‌లో రెండు బకెట్ల పచ్చరంగు వచ్చింది. దాని వెనకే పిల్లలతో ప్రేమలత. సాక్సుల మీద సాక్సులు తొడుక్కుని, ఒక చేత్తో పైట బిగించి, మోకాళ్ల మీద కూర్చుని రెండు గంటలు వేసింది. తాడు పట్టి గీసినట్టు కాండం లేచింది. మట్టలు నేల అంచుల దాకా విచ్చుకున్నాయి. చివర్న గెలలు వేలాడాయి. ఇష్తియాక్ గడప దగ్గర నిలబడి, చెట్టెక్కేవాడి చూపుతో చూసి, "ఇస్ పేడ్ పర్ తో మై భీ చఢ్ జావూఁ," అన్నాడు. ఈ చెట్టు నేనూ ఎక్కుతా అని.

"ఎక్కు. జారితె మాకు చెప్పకు," అన్నాడు అంజన్న.

ఆమె చేతులు ముడతలు పడిపోయి, పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా ఆ రోజు ఆమె నవ్వినట్టు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అంజన్న పైపు ముక్కు ఇంకా సన్నం చేసుకుని చెట్టు మీద మొదటి పొర చల్లాడు.

అది బిగియలేదు.

గంటకు బిగియాల్సింది సాయంత్రమైనా తడిగానే ఉంది. అంచుల దగ్గర గట్టిగా ఉంది, మధ్యలో బురద. అంజన్న చలి ఇంకో రెండు డిగ్రీలు దించాడు. శనివారం పొద్దున పచ్చ గీతలు లావెక్కాయి. మట్టలు ఒకదానిలోకి ఒకటి పాకాయి. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. మిషన్ క్షణం ఆగకుండా తిరుగుతోంది.

మిషన్లతో బతికినవాడు మిషన్‌నే అనుమానించాడు. గ్యాస్ చూశాడు, సరిగ్గా ఉంది. ఆయిల్ మార్చాడు. పంపు విప్పి బిగించాడు. బయట వేడి వదిలే జాలీకి దుమ్ము పట్టిందని నీళ్లు కొట్టి కడిగాడు. తడి గోనెసంచులు కప్పాడు. ఆదివారం మధ్యాహ్నం మిషన్ వేడెక్కి దానంతట అదే ఆగిపోయింది. చల్లార్చి మళ్లీ నడిపించేసరికి అటువైపు ఖర్జూరాల గది నాలుగు డిగ్రీల నుంచి పదకొండుకు ఎక్కింది. అంజన్నకు రెండు గదుల మధ్య తిరిగి తిరిగి మోకాళ్లు పట్టేశాయి. ఒక గదిలోకి పోతే ఇంకో గది చేయి జారుతోంది. చల్లిన పొర మీద మళ్లీ చల్లాడు, అదే బిగుస్తుందని. చల్లిన కొద్దీ బురద పైకి ఎక్కింది.

సోమవారం పొద్దున ఇష్తియాక్ కొత్తగా సాన పట్టిన బూటు ఒకటి తెచ్చి, గడప దగ్గర వంగి, ఆ పచ్చ బురదలో కత్తి ఆనించి చూశాడు. తీసి తుడిచాడు. వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

"ఉస్తాద్, మెషీన్ ఠీక్ హై. పానీ మే కుఛ్ హై." మిషన్ బాగానే ఉంది, నీళ్లలోనే ఏదో ఉందని.

అంజన్న అతని వేళ్ల వంక చూశాడు. తర్వాత తనే ఒక చిటికెడు పచ్చ బురద తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

పదమూడో ఏట నుంచి ఎరిగిన రుచి. ఫ్యాక్టరీలో తొట్టినీళ్లు గడ్డకట్టకుండా బస్తాలకు బస్తాలు అతనే పోసేవాడు. ఉప్పు ఉన్నచోట ఎంత చలి పెట్టినా నీళ్లు బిగియవని ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా అంజన్నకు తెలుసు. మూడు రోజులు ఆ బురద పక్కనే నిలబడి మిషన్ విప్పుకున్నాడు.

ప్రేమలతకు ఫోను చేశాడు. ఆమె గుసగుసగా ఎత్తింది.

"బిడ్డా, రంగు దేంతోని చేసినవు?"

"ఉప్పుతోనేనండి. గల్లుప్పు దంచి రంగు పట్టించాను. మా వైపు అంతే కదండి, పండగలకు అందరం అదే చేస్తాం. ఏమైందండి?"

"ఏం లేదు. ఊకెనే అడిగిన."

"బిగిసిందాండి?"

"బిగుస్తది."

ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. శుక్రవారమే తెలిసి ఉంటే ఆ ఒక్క పొర గీకి పారేస్తే పోయేది. ఇప్పుడు ఉప్పు అడుగు దాకా దిగింది. అంతా పగలగొట్టి, ఇసుక కడిగి, మళ్లీ మొదటి పొర నుంచి చల్లాలి. ఐదు రోజులు. ఉన్నది ఒక్క రోజు.

మధ్యాహ్నం నాసర్ వచ్చాడు. ఖర్జూరాల గదిలో వేడిమి చూసే డబ్బా ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇటు వచ్చి పచ్చ బురద చూశాడు. అరవలేదు.

"అంజన్, నిజం చెప్పు. చెడింది మిషనా, పనా?"

గడప అవతల ఖాజావలి ఉన్నాడు, ఇష్తియాక్ ఉన్నాడు. అంజన్న నోటి దాకా ఉప్పు అన్న మాట వచ్చింది. ఉప్పు అంటే, ఎవరు వేశారు అంటాడు. ఎవరు వేశారో రీమ్‌కు తెలుసు, ఆ ఇంటికంతటికీ తెలుసు. ఊరి పెద్దల ముందు తన తమ్ముడు నాసర్ పరువు తీసిన పనిమనిషిని మేడం ఏం చేస్తుందో తెలియదు గాని, కాఫీ కెటిల్‌కు ఏం చేసిందో తెలుసు.

"మిషన్," అన్నాడు.

"పాతదైపోయిందా?"

"పాతదైంది."

నాసర్ తల ఊపాడు. "నేనూ అదే అనుకున్నాను. ఒక్క మిషన్ మీద రెండు బరువులు. నాన్న ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. రేపు పెద్దలకు తోటలో భోజనం పెడదాం. నువ్వు ఇటువైపు చలి ఆపెయ్యి, ఖర్జూరాలు దక్కించుకుందాం."

ఆపమన్నది అప్పుడే. అంజన్న పైపుల దగ్గరికి వెళ్లి, మంచు వైపు పోయే వాల్వు చక్రం తిప్పి మూశాడు. బిగుతుగా ఉంది. రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. అది మూసిన అరగంటకే ఖర్జూరాల గది రెండు డిగ్రీలు దిగింది.

నాసర్ కారు కదిలాక ఖాజావలి ఆగలేకపోయాడు.

"ఏం మనిషివన్నా నువ్వు. మిషన్ గుర్రం మాదిరి ఉండాది, దాని మీదికి తోసినావు. ఉప్పు అని చెప్పింటే ఐదు రోజులు అడిగిండొచ్చు గదా. పండగ పోయినా గచ్చు మిగిలుండు."

"చెప్తె ఆ పిల్ల మీదికి పోతది తమ్మీ."

"పిల్ల పేరెందుకు? నేనే ఏసినా, తెల్దు, తప్పయిపాయ అనింటే సరిపోతుండె. నీ మీద ఆయప్ప కేకలేస్తాడా?"

ఆ దారి ఒకటి ఉందని అంజన్నకు తట్టనే లేదు. నాసర్ ఎదురుగా నిలబడ్డ ఆ క్షణంలో మిషనో ఆ పిల్లో, రెండే కనిపించాయి. తాను కనిపించలేదు.

రాత్రంతా దాన్నే నెమరేసుకుని, మంగళవారం పొద్దున స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని నాసర్ ఇంటికి పోయాడు. అక్కడ గుడారం వేస్తున్నారు, పచ్చజెండాలు కడుతున్నారు. నాసర్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ పోయించాడు.

"బాబా, నిన్న నేను అబద్ధం చెప్పిన," అన్నాడు అంజన్న. "మిషన్ మంచిగనే ఉన్నది. రంగుల ఉప్పు నేనే కలిపిన. తప్పు నాది. ఐదు రోజులియ్యి, మళ్ల పోస్త."

నాసర్ అతని మొహం చూసి నవ్వాడు, జాలిగా.

"అంజన్, నేను చిన్నప్పటినుంచి నిన్ను చూస్తున్నాను. చల్లే నీళ్లలో చేతి చెమట పడినా పిల్లలను తిట్టేవాడివి, చెమటలో ఉప్పుంటుంది అని. నువ్వు ఉప్పు వేశావా? మిషన్ మీద మాట పడకూడదని నీ మీద వేసుకుంటున్నావు. అక్కర్లేదు. అది ముసలిదైంది. నువ్వూ ముసలివాడివయ్యావు. సిగ్గేముంది ఇందులో. తాగు, కాఫీ చల్లారిపోతోంది."

"నిజంగనే చెప్తున్న."

"సరే, నిజమే," అని నాసర్ అతని భుజం తట్టి, జెండాల వాళ్ల వైపు లేచాడు.

మూడేళ్ల పిల్ల దగ్గరినుంచి బడి పంతులు దాకా ఆ ఊళ్లో ఎవరిని అడిగినా అదే అంటారు. అమ్మూ తల్జ్ మంచులో ఉప్పు వేశాడంటే ఎవరు నమ్ముతారు.

బుధవారం పగలగొట్టడం మొదలైంది. చుట్టూ అంచుల దగ్గర అడుగు పొరలు ఇంకా గాజులాగే ఉన్నాయి. గడ్డపార దిగడానికి మొరాయించాయి. ఇష్తియాక్ ఒక మూల నుంచి, అంజన్న ఒక మూల నుంచి. పచ్చ బురదను పారలతో ఎత్తి నీలం డ్రమ్ముల్లో పోశారు. బయట కాలువలో పారబోద్దామంటే ఇష్తియాక్ అడ్డం నిలబడ్డాడు. ఆ కాలువ చెట్లకు పోతుంది. ఉప్పునీళ్లు తగిలితే చెట్లు ఎండిపోతాయి. పదిహేడు డ్రమ్ములు. ఖాజావలి వాటిని పికప్‌లో నాలుగు ట్రిప్పులు వేసి, ఏమీ మొలవని చౌడునేల దాకా తీసుకుపోయి పారబోసి వచ్చాడు.

గురువారం నేల ఆరింది. పైపులకు పగుళ్లు రాకుండా పైన పలకలు పరిచారు. పలకల మీద ఖర్జూరం పెట్టెలు ఎక్కాయి. పైకప్పు దాకా ఎనిమిది వరుసలు. స్కేటింగ్ బూట్లు ఏం చేద్దామని ఇష్తియాక్ అడిగితే, ఎవరో బస్తాల్లో కట్టి పైన అటక మీదికి తోశారు. నాసర్ వచ్చి చూసి, ఇప్పుడు రెండు గదులూ నాలుగు డిగ్రీల దగ్గర కదలకుండా ఉన్నాయని మెచ్చుకున్నాడు. కొత్త మిషన్ కోసం హుఫూఫ్‌లో కంపెనీతో మాట్లాడుతున్నానని, అది వస్తే వాళ్ల మనిషే చూసుకుంటాడని, అంజన్న ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎగ్జిట్ వీసా వేయించుకుని ఇంటికి పోవచ్చని చెప్పాడు. మంచికే చెప్పాడు.

శుక్రవారం పొద్దున వాలీబాల్‌కు నలుగురు వచ్చారు. నలుగురితో ఏం ఆడతారు. నెట్టు కట్టకుండానే పోయారు. నాలుగింటికి సంగతి తెలియని ఇద్దరు పిల్లలు సైకిళ్ల మీద వచ్చి, తలుపు తోసి, పెట్టెలు చూసి, అంజన్నను చూసి, మళ్లీ సైకిళ్లెక్కి వెళ్లిపోయారు.

వాళ్లు పోయాక ఫోనులో ప్రేమలత వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది, వెనకాల కుక్కర్ ఈల.

"బాబాయ్ గారూ, మా మేడం అన్నారండి, మిషను పాడైపోయిందంట, ఇక పొయ్యరంట. పాపం మీరెంత కష్టపడ్డారండి. నేను ముగ్గేసినందుకన్నా ఒక్క రోజైనా నిలబడుంటే బాగుండేదండి. పిల్లల్ని ఇక శుక్రవారాలు హుఫూఫ్ తీసుకెళ్తారంట, నన్ను ఇంట్లో ఉండమన్నారు. ఇష్తియాక్ భాయ్‌నీ, ఖాజావలి అన్ననీ అడిగానని చెప్పండి. మీరు మనసు పాడు చేసుకోకండి. మిషను పాడైతే మీ తప్పేముందండి."

అంజన్న దాన్ని రెండుసార్లు విన్నాడు. బటన్ నొక్కి పట్టుకుని, "బిడ్డా, మిషన్ గాదు," అని మొదలుపెట్టి, ఆగి, చెరిపేశాడు. మంచం మీద కూర్చుని మళ్లీ నొక్కాడు.

"పాత మిషన్ గద బిడ్డా. ఎన్నొద్దులని నడుస్తది. నీ ముగ్గయితె మంచిగుండె," అని బటన్ మీంచి వేలు తీశాడు.